కొత్త మౌంటెన్ బైక్ కొనే ముందు తొక్కి చూడవలసిన తీరు

దృశ్యం: పక్కపక్కన నిలిపిన రెండు మౌంటెన్ బైకులు, ఒకటి ఇరవయ్యేళ్ల నాటిది, మరొకటి కొత్తది. కెమెరా ముందు చక్రాల దగ్గర మొదలై నెమ్మదిగా సీట్ల వరకు కదులుతుంది.

వ్యాఖ్యానం: నమస్కారం. చాలా ఏళ్ల తరవాత కొత్త మౌంటెన్ బైక్ కొనాలనుకునేవారు సాధారణంగా దుకాణం ముందున్న చదునైన నేల మీద రెండు చుట్లు తిరిగి, సీటు మెత్తగా ఉందా, గేర్లు తేలికగా మారుతున్నాయా అని చూసుకుని నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ రెండు చుట్లలో మనకు తెలిసేవన్నీ తరవాత మార్చుకోగలిగిన విషయాలే. సీటు, పెడళ్లు, టైర్లు, స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను బైకుకు కలిపే పొట్టి ముక్క), చివరికి బ్రేకులు కూడా మార్చుకోవచ్చు. ఫ్రేమ్ కొలతలను మాత్రం మార్చలేము. కొన్ని ఫ్రేములలో కోణాన్ని అర డిగ్రీ మేర, అరుదుగా ఇంకాస్త ఎక్కువగా సవరించుకునే ఏర్పాటు ఉన్నా, అంతకు మించి అవకాశం ఉండదు. అందుచేత తొక్కి చూడడానికి దొరికే కొద్ది సమయాన్నీ, ఈ ఫ్రేమ్ నా శరీరానికీ నేను తిరిగే బాటకూ సరిపోతుందా అన్న ఒక్క ప్రశ్నకే కేటాయించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం రాబట్టే పద్ధతిని ఈ వీడియోలో వివరిస్తాను.

దృశ్యం: రెండు బైకుల ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల జతల) మీద కోణాన్ని చూపే గీతలు ప్రత్యక్షమవుతాయి.

వ్యాఖ్యానం: పాత బైక్ అలవాటుతో కొత్త బైక్ ఎక్కితే మొదటి అభిప్రాయం ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో ముందు తెలుసుకోవాలి. 1970ల మధ్య కాలిఫోర్నియాలోని టామల్‌పయిస్ పర్వతం మీద పాత బరువైన సైకిళ్లతో మట్టిదారుల్లో కిందికి దూకుతూ కొందరు యువకులు మొదలుపెట్టిన ఆట, 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకును పెద్ద సంఖ్యలో తయారుచేయడంతో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ తరవాత చాలాకాలం పాటు ఈ బైకుల కొలతలు రోడ్డు సైకిళ్ల పోలికలోనే నడిచాయి. ముందు ఫోర్క్ నేలతో చేసే హెడ్ యాంగిల్ 70, 71 డిగ్రీల దగ్గర ఉండేది, స్టెమ్ 100 మిల్లీమీటర్ల వరకు పొడవుండేది, హ్యాండిల్‌బార్ ఇరుకుగా ఉండేది. ఇప్పటి ట్రెయిల్ బైకులలో, అంటే కొండ బాటల్లో ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చే మౌంటెన్ బైకులలో, హెడ్ యాంగిల్ ఎక్కువగా 64 నుంచి 66 డిగ్రీల మధ్య, స్టెమ్ 35 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య, హ్యాండిల్‌బార్ వెడల్పు 760 నుంచి 800 మిల్లీమీటర్ల మధ్య ఉంటున్నాయి.

ఈ మార్పులన్నీ ఒకదానినొకటి ఆసరా చేసుకుని వచ్చాయి. ఫోర్క్ వాలు పెరిగి ముందు చక్రం దూరంగా జరిగింది కాబట్టి, నిటారు వాలులో మనిషి ముందుకు బోర్లా పడే ప్రమాదం తగ్గింది. ఫ్రేమ్ ముందుభాగం పొడవైంది కాబట్టి, స్టెమ్ పొట్టిగా ఉన్నా చేతులకు చోటు సరిపోయింది. నడుస్తుండగానే మీట నొక్కి సీటును దించే డ్రాపర్ పోస్ట్ మామూలు పరికరమైపోయాక, దిగుడులో శరీరాన్ని కదిలించడానికి సీటు అడ్డు రావడం లేదు. 2012లో సైకిల్ విడిభాగాలు తయారుచేసే స్రామ్ సంస్థ ముందువైపు ఒకే పళ్లచక్రం, వెనక 11 గేర్లు ఉన్న ఎక్స్‌ఎక్స్1 గేర్ల అమరికను విడుదల చేసిన తరవాత ముందు పళ్లచక్రాల మధ్య చెయిన్‌ను మార్చే ముందు డిరేలర్ క్రమంగా కనుమరుగైంది; అది ఆక్రమించిన చోటు వెనక సస్పెన్షన్ కీళ్లకూ వెడల్పు టైర్లకూ దక్కింది. కాబట్టి ఒక్క కొలతను విడిగా చూసి బాగుందనో బాగా లేదనో తేల్చడానికి వీలులేదు.

దృశ్యం: సీటు మీద కూర్చున్న వ్యక్తిని పక్క నుంచి చూపే రేఖాచిత్రం. రీచ్, స్టాక్ కొలతలు రంగుల్లో కనిపిస్తాయి.

వ్యాఖ్యానం: ఇక్కడ ఒక లెక్క చూద్దాం; చదును నేల మీద తొక్కి చూడడం ఎందుకు చాలదో ఈ లెక్క స్పష్టంగా చెబుతుంది. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి, హ్యాండిల్‌బార్‌ను మోసే హెడ్ ట్యూబ్ పై అంచు మధ్య వరకు ఉన్న అడ్డు దూరాన్ని రీచ్ అనీ, వాటి మధ్య ఉన్న నిలువు ఎత్తును స్టాక్ అనీ అంటారు. నిలబడి తొక్కేటప్పుడు మనకు అనుభవానికి వచ్చే పొడవు రీచ్. కూర్చుని తొక్కేటప్పుడు మాత్రం సీటు ఎంత వెనక ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

స్టాక్ 630 మిల్లీమీటర్లు ఉన్న రెండు బైకులను తీసుకోండి. పాత తరహా బైక్ రీచ్ 440, సీటును మోసే సీట్ ట్యూబ్ కోణం 73 డిగ్రీలు అనుకుంటే, కూర్చున్నప్పటి పొడవు (రీచ్‌కు, స్టాక్ ఎత్తు దగ్గర సీట్ ట్యూబ్ వెనక్కి వాలిన దూరాన్ని కలిపితే వచ్చేది) సుమారు 633 మిల్లీమీటర్లు అవుతుంది. కొత్త తరహా బైక్ రీచ్ 480, సీట్ ట్యూబ్ కోణం 77 డిగ్రీలు అనుకుంటే, అదే పొడవు సుమారు 625 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అంటే నిలబడినప్పుడు 40 మిల్లీమీటర్లు పొడవుగా ఉండే బైక్, కూర్చున్నప్పుడు 8 మిల్లీమీటర్లు పొట్టిగా అనిపిస్తుంది. దుకాణం ముందు కూర్చుని తొక్కి చూసినవారు ఇది చిన్నదని భ్రమపడి ఒక సైజు పెద్దది తీసుకోవడానికీ, బాటలోకి వెళ్లాక మలుపుల్లో దానిని అదుపు చేయలేక ఇబ్బంది పడడానికీ మూలం ఈ తేడాలోనే ఉంది. ఇక సైజు అక్షరాలంటారా, ఒక సంస్థ మధ్యస్థం అని పిలిచే ఫ్రేమ్ మరో సంస్థ పెద్దదానికి సమానం కావచ్చు. అక్షరాన్ని పక్కనబెట్టి రీచ్, స్టాక్ అంకెలనే చూడండి. వీలైతే పక్కపక్క సైజులు రెండూ తొక్కి చూడండి.

దృశ్యం: చేతిలో షాక్ పంపు. షాక్ (వెనక చక్రం కుదుపును మింగే భాగం) మీద ఉన్న రబ్బరు ఉంగరం దగ్గరగా కనిపిస్తుంది.

వ్యాఖ్యానం: బయలుదేరే ముందు చేయవలసిన సర్దుబాటు మీదే పరీక్ష అంతా ఆధారపడి ఉంటుంది. ఇది చేయకుండా తొక్కితే మీరు పరీక్షించేది బైకును కాదు, మీకంటే ముందు తొక్కిన వ్యక్తి బరువుకు సర్దిన సస్పెన్షన్‌ను. మామూలుగా బాటలోకి వెళ్లే దుస్తులు, హెల్మెట్, నీటి సంచితో సహా బైక్ ఎక్కి పెడళ్ల మీద నిలబడినప్పుడు, సస్పెన్షన్ తన మొత్తం కదలికలో ఎంత భాగం కుంగుతుందో కొలవాలి. దీనిని సాగ్ అంటారు. వెనక షాక్‌కు 25 నుంచి 30 శాతం, ముందు ఫోర్కుకు 15 నుంచి 20 శాతం మంచి ఆరంభం. షాక్ కడ్డీ కదలిక 55 మిల్లీమీటర్లయితే, రబ్బరు ఉంగరం 16 మిల్లీమీటర్లకు కాస్త పైన ఆగినప్పుడు అది 30 శాతం. గాలి తక్కువైతే బైక్ వెనక్కి కూలబడి హెడ్ యాంగిల్, సీటు కోణం రెండూ మారిపోతాయి. మీరు చూడాలనుకున్న కొలతలే చెదిరిపోతాయి.

షాక్ కదలికను ఆపే తాళం మీట తెరిచి ఉందో లేదో చూడండి. ముందు తొక్కినవారు దాన్ని బిగించి వదిలేస్తే, ఆ బైక్ గట్టిగా, మొరటుగా ఉందని మీరు పొరబడే అవకాశం ఉంది. కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే రీబౌండ్ మీటను మధ్యలో ఉంచి, చిన్న గట్టు మీద నుంచి కూర్చునే దిగండి. సీటు ఒక్కసారి పైకి లేచి నిలకడ పొందితే ఆరంభానికి చాలు.

టైరు గాలి విషయంలో నేను రాజీపడను. రెండు మూడు పీఎస్‌ఐ తేడా ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ ఉన్న తేడాను పూర్తిగా కప్పేయగలదు కాబట్టి, మీ సొంత గేజ్‌తోనే కొలిచి, పోల్చే బైకులన్నింటిలోనూ ఒకే ఒత్తిడి ఉంచండి. పెడళ్లు కూడా మీవే తీసుకెళ్లండి. ఏ మీట ముందు బ్రేకుదో కదలకముందే నొక్కి చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఈ అమరిక దేశాన్ని బట్టి కుడి ఎడమలు మారుతుంది. బ్రేకు ప్యాడ్లు కొత్తవైతే, కొన్నిసార్లు వేగం అందుకుని మెల్లగా తగ్గిస్తూ పోతే తప్ప వాటి పూర్తి పట్టు బయటపడదు. మొదటి వాలులోనే బ్రేకులు బలహీనమని తీర్పు ఇవ్వకండి.

దృశ్యం: రాళ్లు, వేళ్లు ఉన్న అడవి బాట. సీటు మీద కూర్చుని నిటారు ఎగుడును నెమ్మదిగా ఎక్కుతున్న వ్యక్తి.

వ్యాఖ్యానం: మీకు బాగా తెలిసిన, పావుగంటలో తిరిగి రాగలిగిన చిన్న చుట్టుబాటను ఎంచుకోండి. అందులో కూర్చుని ఎక్కే ఒక దీర్ఘమైన ఎగుడు, రాళ్లతో నిండిన ఒక కఠినమైన ముక్క, గట్టు ఆసరా లేని చదునైన మలుపులు, గతుకుల దిగుడు ఉంటే చాలు.

ఎగుడులో ముందు చక్రాన్ని గమనించండి. నిటారైన చోట అది నేలను వదిలి తేలుతోందా, అటూ ఇటూ ఊగుతోందా? హెడ్ యాంగిల్ బాగా వాలుగా ఉన్న బైకులలో నిదానంగా ఎక్కేటప్పుడు చక్రం పక్కకు వాలాలని చూస్తుంది. సీటు కోణం నిటారుగా ఉండి బరువు ముందుకు వస్తే ఆ ఊగిసలాట చాలావరకు అదుపులో ఉంటుంది. అదే నిటారు కోణం చదును దారిలో అరచేతుల మీద బరువు పెంచుతుందన్నది కూడా నిజం. మీ సవారీలలో సగం చదును దారులే అయితే ఈ విషయానికి గట్టి ప్రాధాన్యం ఇవ్వండి.

దృశ్యం: ఆసరా లేని మలుపు. సీటు దించి, మోచేతులు వంచి, ఛాతీ ముందుకు ఉంచి తిరుగుతున్న వ్యక్తి. అదే మలుపు మళ్లీ నెమ్మదిగా.

వ్యాఖ్యానం: నా దృష్టిలో ఫ్రేమ్ అసలు స్వభావం బయటపడేది దిగుడులో కాదు, ఇదిగో ఇలాంటి చదునైన మలుపులో. ముందు చక్రం దూరంగా జరిగిన బైకులో, పాత అలవాటు ప్రకారం శరీరాన్ని వెనక్కి ఉంచితే ముందు టైరుకు బరువు చాలక జారుతుంది. కాబట్టి మొదటి చుట్టులో జారితే బైకును తప్పుపట్టకుండా, రెండో చుట్టులో ఛాతీని హ్యాండిల్‌బార్ మీదికి తెచ్చి తిరగండి. అప్పటికీ మీరు కావాలని ముందుకు ఒంగితే తప్ప టైరు పట్టు దొరకకపోతే, ఆ ఫ్రేమ్ మీకు పొడవెక్కువైందనో, ముందుభాగంతో పోలిస్తే వెనక చెయిన్‌స్టేలు (పెడళ్ల ఇరుసు దగ్గర నుంచి వెనక చక్రం వరకు ఉండే ఫ్రేమ్ కడ్డీలు) పొట్టిగా ఉన్నాయనో అనుకోవచ్చు. ఈ కారణంగానే కొందరు తయారీదారులు పెద్ద సైజులకు పొడవైన చెయిన్‌స్టేలు ఇస్తున్నారు. ఎత్తైనవారు ఈ అంకెను తప్పక చూడాలి.

దిగుడు గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. 29 అంగుళాల చక్రాలు, పొడవైన ఫ్రేమ్ ఉన్న బైక్ గతుకుల కుదుపును తగ్గించి, నిజమైన వేగాన్ని మన కంటికి తగ్గించి చూపిస్తుంది. ఉత్సాహంగా ఎగిరే బైక్ వేగంగా ఉన్నట్టూ, నిశ్చలంగా సాగే బైక్ నీరసంగా ఉన్నట్టూ అనిపించడం సహజం. వేగమే మీకు ముఖ్యమైతే గడియారాన్ని నమ్మండి. ఆనందం ముఖ్యమైతే ఆ ఎగిరే గుణాన్నే ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. సస్పెన్షన్ కదలిక 120 మిల్లీమీటర్లు చాలే బాటలకు 160 మిల్లీమీటర్ల బైక్ కొంటే, ప్రతి ఎగుడులోనూ ఆ అదనపు బరువును మోయవలసింది మీరే.

దృశ్యం: ఒకే చోట మూడుసార్లు కనిపించే బైకులు: మొదటిది, రెండోది, మళ్లీ మొదటిది. చివర చిన్న నోటు పుస్తకంలో రాస్తున్న చేయి.

వ్యాఖ్యానం: రెండు బైకులను పోల్చేటప్పుడు చివర మొదటి బైకును మరోసారి తొక్కండి. రెండో బైక్ ఎక్కేసరికి బాట మీకు బాగా అలవాటై ఉంటుంది కాబట్టి, ఆ సులువు బైకుదేనని పొరబడడానికి ఆస్కారం ఉంది. ఒక్కోసారి అలసట వల్ల దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. ప్రతి చుట్టు ముగియగానే, ఇంకా ఎవరి అభిప్రాయమూ వినకముందే, ముందు చక్రం ఎక్కడ తేలింది, ఏ మలుపులో నమ్మకం సడలింది, నడుమూ మణికట్టూ ఎలా ఉన్నాయి అన్నవి రాసిపెట్టండి. సీటు గట్టిదనం గురించి మాత్రం రాయకండి.

దృశ్యం: రెండు ఫ్రేముల కొలతల పట్టికలు పక్కపక్కన. హ్యాండిల్‌బార్ ఎత్తు పెంచే ఒక స్పేసర్ ఉంగరం దగ్గరగా కనిపిస్తుంది.

వ్యాఖ్యానం: కొనాలనుకున్న బైకే తొక్కడానికి దొరకకపోతే, దానికి దగ్గరి రీచ్, స్టాక్, సీటు కోణం ఉన్న వేరే సంస్థ బైకును ఒక రోజుకు అద్దెకు తీసుకోవడం మంచి మార్గం. దుకాణం ముందు పది నిమిషాల కంటే అది ఎన్నో రెట్లు మేలు. అయితే అద్దె బైకులో హ్యాండిల్‌బార్ కింద ఎన్ని స్పేసర్లు ఉన్నాయో లెక్కపెట్టుకోండి. హెడ్ యాంగిల్ 65 డిగ్రీలైతే, 10 మిల్లీమీటర్ల స్పేసర్ హ్యాండిల్‌బార్‌ను సుమారు 9 మిల్లీమీటర్లు పైకి, 4 మిల్లీమీటర్లు వెనక్కి తెస్తుంది. స్టెమ్ పొడవులో తేడా ఉంటే దాన్ని కూడా కలుపుకోవాలి. ఈ సవరణలు చేసిన తరవాతే ఆ రెండు ఫ్రేముల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చండి.