టోపీ ఎగరేసిన వారానికే కాలేజీ: టెక్సస్‌లో సమ్మర్ టర్మ్ లెక్క

అందరికీ నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల మే నెలాఖరుకు హైస్కూలు గ్రాడ్యుయేషన్లు అయిపోతాయి. ఇంట్లో పార్టీ సందడి సద్దుమణగకముందే, జూన్ మొదట్లో కాలేజీల్లో సమ్మర్ వన్ మొదలవుతుంది. జులై మొదటి వారంలో అది ముగిసీ ముగియగానే సమ్మర్ టూ అందుకుంటుంది. "ఆగస్టు దాకా ఖాళీయేగా, కమ్యూనిటీ కాలేజీలో రెండు మూడు కోర్సులు లాగించేస్తే సరి" అని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఆలోచన మంచిదే, ఖర్చు కూడా తక్కువ. కాకపోతే ఏ కోర్సు, ఏ టర్మ్, ఏ కాగితం ఎప్పుడు అన్న లెక్క తప్పితే డబ్బు పోతుంది, రికార్డులో ఒక చెరగని అక్షరం మిగులుతుంది.

ముందు గంటల సంగతి. మూడు క్రెడిట్ల కోర్సంటే క్లాసులో సుమారు 45 గంటలు, ఇంట్లో చదువు దానికి రెట్టింపు, 90 గంటలు. మొత్తం 135. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ టర్మ్‌లో ఇది పదిహేను వారాల మీద పరుచుకుంటుంది, వారానికి 9 గంటలు. సమ్మర్‌లో అవే 135 గంటలు ఐదు వారాల్లో పడాలి, అంటే వారానికి 27. రెండు కోర్సులు కలిపి తీసుకుంటే 54. పైన పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా పెట్టుకున్న పిల్లవాడు నిద్ర ఎక్కడ మిగుల్చుకుంటాడో మీరే చూడండి. సిలబస్‌లో ఒక్క పేజీ తగ్గదు. తగ్గేది రోజులే.

ఇది కాలిక్యులస్ వన్‌లో ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. సోమవారం లిమిట్లు. ఎక్స్ వర్గం మైనస్ 9 ని ఎక్స్ మైనస్ 3 తో భాగించారు. ఎక్స్ 3 దగ్గరికి వస్తే విలువెంత? నేరుగా 3 పెడితే సున్నా బై సున్నా. పైదాన్ని కారణాంకాలుగా విడగొట్టి కొట్టేస్తే ఎక్స్ ప్లస్ 3 మిగులుతుంది, జవాబు 6. మంగళవారం కంటిన్యూటీ. బుధవారానికి డెరివేటివ్ నిర్వచనం వచ్చేస్తుంది. అందులో మళ్లీ అదే సున్నా బై సున్నా, అదే కొట్టివేత, కాకపోతే ఎక్స్ బదులు హెచ్ సున్నా వైపు పోతుంది. సోమవారం కిటుకు ఒంటబట్టని పిల్లకు బుధవారం బోర్డు మీద ఏం జరుగుతోందో తెలియదు. ఫాల్‌లో ఆ మధ్య ఒక శనాదివారాలుంటాయి, కూర్చుని సరిచేసుకోవచ్చు. సమ్మర్‌లో హోంవర్క్ ఆ రాత్రికే ఇచ్చేయాలి, పరీక్ష పై సోమవారం. ఒక్క రోజు క్లాసు మానేస్తే ఫాల్‌లో ఇంచుమించు వారం మానేసినట్టు. అందుకే ఇంజనీరింగ్‌కు వెళ్లే పిల్లలు కాలిక్యులస్, కెమిస్ట్రీ లాంటివి సమ్మర్‌లో ముందే తోసేసుకోవడం మాకు నచ్చదు. వాటి మీద తర్వాతి కోర్సులు నిలబడతాయి. పునాదిలో హడావిడి పనికిరాదు.

మరి ఏం తీసుకోవాలి? టెక్సస్ ప్రభుత్వ కాలేజీలన్నిటికీ 42 గంటల కోర్ ఉంది, అంటే ఏ డిగ్రీకైనా తప్పనిసరి కోర్సులు (ఇక్కడ గంటలంటే క్రెడిట్లే). కమ్యూనిటీ కాలేజీల్లో కోర్సు నంబర్లు కూడా ఉమ్మడివే. ఇంగ్లిష్ 1301 అంటే మొదటి అంకె 1 మొదటి ఏడాది స్థాయి, రెండో అంకె 3 క్రెడిట్ల సంఖ్య. ఏ మేజర్ అయినా అమెరికా చరిత్ర 6 గంటలు, గవర్నమెంట్ 6 గంటలు చదవాల్సిందేనని రాష్ట్ర చట్టం. క్రియేటివ్ ఆర్ట్స్ 3 గంటలు కూడా కోర్‌లో భాగమే. కాబట్టి గవర్నమెంట్ 2305, హిస్టరీ 1301, ఆర్ట్స్ 1301, మ్యూజిక్ 1306 లాంటివి సమ్మర్‌కు అనువైనవి. చదవడం, రాయడం ఎక్కువే, కాని వెనకబడితే అందుకోవచ్చు. చేరబోయే యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ దింపుకుని, ఆ నంబర్ గాని దానికి సమానమైన కోర్సు గాని అందులో ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్నాకే రిజిస్టర్ చేయండి.

ఇక్కడే ఎక్కువ మంది జారేది. హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మేలో రాస్తారు, స్కోర్లు జులై మొదట్లో గాని రావు. సమ్మర్ వన్ అప్పటికి దాదాపు అయిపోతుంది. ఏపీ గవర్నమెంట్ రాసి ఫలితం తెలియకుండానే గవర్నమెంట్ 2305 చదివిన పిల్ల, స్కోరు బాగా వస్తే అదే క్రెడిట్‌ను రెండోసారి కొనుక్కున్నట్టు. ఒకే కోర్సుకు రెండు క్రెడిట్లు ఎవరూ ఇవ్వరు. డ్యూయల్ క్రెడిట్‌లో, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సుగా, అయిపోయినవాటి సంగతీ అంతే. మా లెక్క ఇది: సమ్మర్ వన్‌లో ఏపీ రాయని సబ్జెక్టు ఒక్కటి మాత్రమే తీసుకోండి. ఏపీతో ముడిపడ్డవాటిని సమ్మర్ టూకి వాయిదా వేయండి. స్కోర్లూ ఆ టర్మ్ మొదలూ దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి కాబట్టి, అవసరం లేదని తేలితే బయటపడే వీలుంటుంది.

బయటపడటానికి గడువు మాత్రం చాలా చిన్నది. చేరినవాళ్లను కాలేజీ అధికారికంగా లెక్కించే రోజును సెన్సస్ రోజంటారు, ఫాల్‌లో అది 12వ క్లాసు దినం. ఐదు వారాల సమ్మర్‌లో అది 4వ క్లాసు దినమే. ఆ లోపు కోర్సు తీసేస్తే ట్రాన్‌స్క్రిప్టులో (గ్రేడ్ల రికార్డులో) ఆనవాలు ఉండదు. దాటాక తీస్తే డబ్ల్యూ (విత్‌డ్రా) పడుతుంది. అంతేకాదు, 2007 ఫాల్ నుంచి టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో చేరిన విద్యార్థికి డిగ్రీ అయ్యేలోపు ఇలా కోర్సు వదిలేసే అవకాశాలు, అంటే డ్రాపులు, మొత్తం ఆరే. కమ్యూనిటీ కాలేజీలో వాడిన డ్రాపు కూడా ఆ ఆరులోనే పోతుంది. డబ్బు పూర్తిగా వెనక్కి కావాలంటే మొదటి క్లాసు రోజుకు ముందే తీసేయాలి.

ఇక కాగితాలు. చేరే పిల్లల్ని ఎక్కువగా ఆపేది మెనింజైటిస్ టీకా. 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థి క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకుని ఉండాలి, అదీ గడిచిన ఐదేళ్లలో వేసినదై ఉండాలి. "ఏడో క్లాసులో వేయించామండీ" అంటారు. 11, 12 ఏళ్లప్పుడు వేసినదానికి 18 వచ్చేసరికి ఐదేళ్లు దాటిపోతాయి. 16లో బూస్టర్ వేయించి ఉంటే ఆ కాగితం చాలు. లేకపోతే గ్రాడ్యుయేషన్ హడావిడిలో కాదు, మే మొదటి వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లకు మినహాయింపు ఉంటుంది, అయినా అడిగి తెలుసుకోండి. రెండోది టీఎస్ఐ, కాలేజీ స్థాయి చదువుకు సిద్ధంగా ఉన్నారో లేదో చూసే టెక్సస్ పరీక్ష. కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో రీడింగ్-రైటింగ్ 480, మ్యాథ్ 530 ఉంటే ఆ పరీక్ష అక్కర్లేదు, కాని స్కోరు కాలేజీకి చేరి ఉండాలి. మూడోది, రిజిస్టర్ చేశాక ఫీజు గడువు దాటితే పేరు దానంతటదే తొలగిపోతుంది.

డబ్బు గురించి క్లుప్తంగా. ఫెడరల్ సాయం సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. సమ్మర్ ఆ గీతకు అటూ ఇటూ పడుతుంది, ఏ ఏడాది ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు) వాడాలో ఒక్కో కాలేజీ ఒక్కోలా నిర్ణయిస్తుంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. లోను కావాలంటే కనీసం 6 గంటలు తీసుకోవాలి. సమ్మర్‌లో వాడిన లోను ఫాల్ వాటాలోంచి తగ్గొచ్చు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, చదువుకు మాత్రం ఆ వీసా అడ్డు కాదు. ఇండియా నుంచి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చే పిల్లలు సమ్మర్‌నే మొదటి టర్మ్‌గా పెట్టుకుంటే ఆ సమ్మర్‌లోనే ఫుల్‌టైమ్ లోడు మోయాలి.

ఫ్లోరిడాలో ఉన్న బంధువుల పిల్లలకు కథ వేరు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో 60 కంటే తక్కువ క్రెడిట్లతో చేరినవాళ్లు డిగ్రీలో 9 గంటలు సమ్మర్‌లోనే చేయాలి. అందుకని కొందరికి సీటే సమ్మర్‌కు ఇస్తారు. గేన్స్‌విల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో దాన్ని సమ్మర్ బీ అంటారు. అది రెండో రకం సీటు కాదు, చిన్నబుచ్చుకోకండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఇండియా ప్రయాణం. "క్లాసు ఆన్‌లైనేగా, అమ్మమ్మ వాళ్లింట్లో కూర్చుని చదువుతాడు" అంటారు. వేసవిలో డాలస్‌కు, హైదరాబాద్‌కు పదిన్నర గంటల తేడా. ఇక్కడ ఉదయం 10 గంటల క్లాసు అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, చుట్టాలంతా భోజనాలకు కూర్చునే వేళకు. కెమెరా పెట్టి రాయించే పరీక్షలో గదిలోకి ఇంకో మనిషి వచ్చినా, మధ్యలో కరెంటు పోయినా లెక్చరర్‌కు జవాబు చెప్పుకోవాలి. టికెట్లు ముందే కొనేసి ఉంటే ఆ టర్మ్ వదిలేయండి, రెండోది తీసుకోండి.

కోర్సు అయ్యాక చేయాల్సిన పని ఒకటుంది. కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన గ్రేడు సాధారణంగా యూనివర్సిటీ జీపీఏలో కలవదు, క్రెడిట్ మాత్రమే వస్తుంది. మెడిసిన్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం ఏ కాలేజీలో చదివిన గ్రేడైనా లెక్కలోకి వస్తుంది, దాచడానికి వీల్లేదు. ఓరియెంటేషన్‌లో అడ్వైజర్‌కు "ఈ కోర్సు ఇప్పుడు చదువుతున్నాను" అని నోటితో చెప్పాలి, లేకపోతే ఫాల్‌లో అదే కోర్సు మళ్లీ వేస్తారు. ఆగస్టులో ట్రాన్‌స్క్రిప్టు ఆర్డరు చేసేటప్పుడు రెండు గడులు కనిపిస్తాయి: ఇప్పుడే పంపమని ఒకటి, గ్రేడ్లు పడ్డాక పంపమని ఒకటి. రెండోదాన్ని నొక్కండి. మొదటిది నొక్కితే గ్రేడు లేని కాగితం వెళ్లి, మళ్లీ డబ్బు కట్టి ఇంకోటి పంపించుకోవాల్సి వస్తుంది.