తెలుగింట్లో స్పానిష్: చిన్నపిల్లలకు ఏ కరికులం తీసుకోవాలి?

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియో నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలున్న అమ్మానాన్నల కోసం. పిల్లలకు స్పానిష్ నేర్పిద్దామని ఆన్‌లైన్‌లో వెతికారనుకోండి, బోలెడు కరికులంలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు అమెరికాలో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల కోసం తయారైనవే. మన పిల్లలకు సులువుగా వచ్చేవి వేరు, కష్టమయ్యేవి వేరు. కొనేముందు ఆ తేడా తెలిస్తే డబ్బులూ మిగులుతాయి, ఆదివారాలూ మిగులుతాయి.

ముందు అచ్చుల సంగతి. స్పానిష్‌లో ఉన్నవి ఐదే అచ్చులు. అ, ఎ, ఇ, ఒ, ఉ. అంతే, అయిపోయింది. ఇంగ్లిష్ పిల్లలకు ఇవి పలకడం పెద్ద పని. మన పిల్లలకు పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్నవే. త, ద కూడా అంతే. స్పానిష్‌లో నాలుక పళ్లకు తగులుతుంది, అచ్చం మన త లాగే. అందుకని ఉచ్చారణ పాఠాలు ఇంగ్లిష్ ద్వారా చెప్పించకండి. తెలుగు లిపిలో రాసి చూపించండి. టమాటాను స్పానిష్‌లో "తోమాతె" అంటారు. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసిన పిల్ల "టొమాటె" అంటుంది. తెలుగులో చూసిన పిల్ల మొదటిసారే సరిగ్గా అంటుంది.

ఒక్క జాగ్రత్త. మనకు హ్రస్వం, దీర్ఘం తేడా ఉంది, వాళ్లకు లేదు. వాళ్లు ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతున్నారన్నది చూసుకుంటారు. లాటిన్ అమెరికాలో "పాప" అంటే బంగాళాదుంప. అదే చివర ఒత్తి "పపా" అంటే నాన్న. మా క్లాసులో పాపలందరూ ఈ ముక్క విని పడీపడీ నవ్వుతారు, ఇక జన్మలో మర్చిపోరు.

సరే, కరికులం చేతికొచ్చింది. మొదటి యూనిట్ తెరవండి. రంగులు, అంకెలు, జంతువులు, పళ్లు... అన్నీ పేర్లేనా? అయితే పక్కన పెట్టేయండి, నా మాట వినండి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఇరవై దాకా లెక్కపెట్టి చూపించడానికి అది పనికొస్తుంది. దాహమేస్తే మంచినీళ్లు అడగడానికి పనికిరాదు. మొదటి యూనిట్లోనే క్రియలు కనిపించాలి. "కియేరో", అంటే నాకు కావాలి. "దామె", అంటే నాకివ్వు. "బెన్", రా. "మీరా", చూడు. "మె గుస్తా", నాకిష్టం.

ఈ "మె గుస్తా" దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. "మె గుస్తా ఎల్ మాంగో", నాకు మామిడిపండు ఇష్టం. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని తలకిందుల వాక్యమంటూ పేజీలకు పేజీలు వివరిస్తాయి. మన వాక్యం పుట్టుకతోనే అలా ఉంది, "నాకు... ఇష్టం" అని. తలనొప్పి కూడా అంతే, "మె దువేలె ల కబేస", నాకు తల నొప్పిగా ఉంది. నువ్వు, మీరు తేడా కూడా స్పానిష్‌లో ఉంది. "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. మన పిల్లలకు ఇవి విప్పి చెప్పక్కర్లేదు, తెలుగు వాక్యం పక్కన పెడితే చాలు.

ఇక టేబుల్ మీదకు రండి, చేసి చూపిస్తాను.

[తెర మీద: పళ్ల బుట్ట. మామిడి, బొప్పాయి, నారింజ]

మామిడి "మాంగో", బొప్పాయి "పపాయ", నారింజ "నరాన్హ". మూడూ మన ఇంట్లో ఉండేవే, పలకడం కూడా దగ్గరే. మొదట మీరే ఆజ్ఞలివ్వండి. "తోక ల నరాన్హ", నారింజను తాకు. "తోక" అనగానే నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత "తోక ల నరీస్", ముక్కు తాకు. తర్వాత "దామె ఎల్ మాంగో". పిల్ల నోరు విప్పకపోయినా ఫరవాలేదు. చేతులు పనిచేస్తున్నాయి కదా, అంటే అర్థమైనట్టే. అమెరికన్ సైకాలజిస్ట్ జేమ్స్ ఆషర్ 1960లలో తీసుకొచ్చిన పద్ధతి ఇది. ముందు విని శరీరంతో చేయడం, మాట తర్వాత. నాలుగైదేళ్ల పిల్లలకు ఇంతకు మించింది నేనింకా చూడలేదు. ఏ రోజో పిల్ల బుట్ట లాక్కుని మీకే "దామె" అంటుంది, అప్పుడు బుద్ధిగా మామిడిపండు ఇచ్చేయండి.

రాయడం, చదవడం మొదట్లో వద్దు. ఆరేళ్ల పిల్లలకు స్కూల్లో ఇంగ్లిష్ ఫోనిక్స్ నడుస్తుంటుంది. అవే అక్షరాలు స్పానిష్‌లో వేరేలా పలుకుతాయి. హెచ్ పలకదు, జె అక్షరం "హ" అవుతుంది, వి అక్షరం "బ" అవుతుంది. ఆవును "బాక" అంటారు. రెండూ ఒకేసారి నూరిపోస్తే రెండూ పాడవుతాయి. ముందు చెవి, ఏడెనిమిదేళ్లు వచ్చాక కన్ను.

తెలుగు సాయపడని చోట్లూ ఉన్నాయి. మొదటిది, "అసూల్" అంటే నీలం, దాన్ని మనవాళ్లు "అసూలు" చేసేస్తారు. బస్సు, కారు అని ఉకారం తగిలించే అలవాటు మనది. రెండోది, వస్తువులకు ఆడ, మగ. బల్ల ఆడ, పుస్తకం మగ. ఇక్కడ హైదరాబాద్ పిల్లలకు హిందీ ఆదుకుంటుంది. బడా, బడీ అని తెలిసిన పిల్లకు "రోహో, రోహ" అనే ఎరుపు పెద్ద వింత కాదు. మన వీధి హిందీలో ఆ తేడా కాస్త అటూ ఇటూ అవుతుంది, అది వేరే సంగతి! మూడోది, "పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. ఆ ఱ నాలుక అదిరిస్తూ పలకాలి. ఆటోవాడి ఇంజన్ చప్పుడు చేయించండి, నెలలు పట్టినా తొందరపెట్టకండి.

స్పెయిన్ స్పానిషా, లాటిన్ అమెరికా స్పానిషా అని అడుగుతుంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ బంధువులుంటే లాటిన్ అమెరికాదే తీసుకోండి. బూటును స్పెయిన్లో చాలాచోట్ల "థపాతో" అంటారు, లాటిన్ అమెరికాలో "సపాతో" అంటారు. ఏదైనా ఒకటే పట్టుకోండి. ట్యూటర్‌ది ఒకటి, ఆడియోది ఇంకొకటి అయితే పిల్ల గందరగోళపడుతుంది.

స్కూలు విషయం త్వరగా చెప్పేస్తా. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి, కాబట్టి తెలుగు తీసేసి స్పానిష్ పెట్టించాలని చూడకండి. 2020 జాతీయ విద్యా విధానం విదేశీ భాషల గురించి మాట్లాడింది సెకండరీ స్థాయిలో, అందులో స్పానిష్ పేరు ఉంది. సర్టిఫికెట్ కావాలంటే, స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ నిర్వహించే డెలె అనే స్పానిష్ పరీక్షలో స్కూలు పిల్లల కోసం విడిగా పేపర్లు ఉన్నాయి, సుమారు 11 నుంచి 17 ఏళ్ల వాళ్లకు. ఆరేళ్ల పిల్లకు "ఏ వన్ గ్యారంటీ", అంటే ఆ పరీక్షలో మొదటి స్థాయి ఖాయం అని అమ్మేవాళ్లను నమ్మకండి. ట్యూటర్ కావాలా? హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో, స్పానిష్ శాఖ ఉంది, అక్కడ చదివినవాళ్లను వాకబు చేయండి.

ట్రయల్ క్లాసుకు కూర్చోబెట్టినప్పుడు మీరు పక్కకు తప్పుకుని గడియారం చూడండి. అరగంటలో టీచర్ ఎంతసేపు ఇంగ్లిష్‌లో వివరించారు, పిల్ల ఎంతసేపు కదిలింది, ఎంతసేపు ఊరికే స్క్రీన్ చూసింది? వివరణే ఎక్కువుంటే ఫీజు కట్టకండి. వారానికి ఒక గంట క్లాసు కన్నా రోజూ పావుగంట ఆట మేలు, అది స్నానానికి ముందో అన్నం తినేటప్పుడో పెట్టుకోండి. ఆ పావుగంట కోసం పదిహేను ఆజ్ఞల చార్టు తెలుగు లిపిలో వీడియో కింద పెట్టాను, ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించుకోండి.