ముందు భయం, తర్వాత సీసా

అందరికీ నమస్కారం.

చావు భయం మీద బీమా పాలసీ అమ్ముతారు, దొంగల భయం మీద తాళం అమ్ముతారు. అవి మనలో ముందునుంచీ ఉన్న భయాలే. లేని భయాన్ని పుట్టించి దానికి మందు అమ్మడం వేరే విద్య. నేను మాట్లాడబోయేది దాని గురించే.

నోరు పుక్కిలించే మందు లిస్టరిన్ సంగతి చూడండి. 1879లో అమెరికాలో తయారైనప్పుడు అది శస్త్రచికిత్సల్లో క్రిములను చంపే మందు. 1920ల్లో కంపెనీవాళ్లు నోటి వాసన మీద పడ్డారు. దానికి 'హాలిటోసిస్' అని వైద్యుల పేరొకటి తగిలించి జబ్బు హోదా ఇచ్చారు. ఆనాటి ఒక ప్రకటనలో ఎడ్నా అనే అమ్మాయి ఉంటుంది. ముప్ఫై దగ్గర పడుతోంది, తోటివాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి, ఆమెకు మాత్రం కాలేదు. కారణం నోటి వాసన. అది ఆమెకు తెలియదు, ఎంత ఆప్తులైనా ఆ మాట మొహం మీద చెప్పరు.

కిటుకంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదంటే ధైర్యం రావాలి కదా? ఇక్కడ అదే అనుమానానికి ఆధారమైపోతుంది. నిజమో కాదో తేల్చుకునే దారి మూసేసి, చేతిలో సీసా పెట్టారు. దుర్మార్గమే కానీ, పనితనం మాత్రం మెచ్చుకోవాలి!

అదే సీసా జలుబును ఆపుతుందని కూడా దశాబ్దాలపాటు చెప్పారు. 1975లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాట అబద్ధమని తేల్చి, జలుబును ఆపదని మీ ప్రకటనల్లో మీరే చెప్పండని ఆదేశించింది.

మన ఎడ్నాలు మనకూ ఉన్నారు. ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది 1975లోనే. దాని ప్రకటనల్లో చామనఛాయ పిల్లకు సంబంధం కుదరదు, ఉద్యోగం రాదు. క్రీము రాయగానే రెండూ వచ్చేస్తాయి. పేరులోంచి 'ఫెయిర్' పోవడానికి 2020 దాకా పట్టింది.

భయపెడితే చాలు, జనం వింటారనుకుంటే పొరపాటు. 1953లో జానిస్, ఫెష్‌బాక్ అనే పరిశోధకులు బడిపిల్లలకు పళ్ల శుభ్రత గురించి మూడు మోతాదుల భయంతో పాఠాలు చెప్పించారు. చెప్పినట్టు చేసినవాళ్లు తక్కువ భయపెట్టిన జట్టులోనే ఎక్కువ. సినిమాకు ముందు పొగతాగడం మీద వేసే హెచ్చరికలో 'ఈ నగరానికి ఏమైంది' అని వినిపించగానే హాల్లో కొందరు నవ్వుతారే, ఆ నవ్వు భయాన్ని దులుపుకోవడానికే అని నా అనుమానం. సిగరెట్ మానడానికి ఏళ్లు పడుతుంది. సీసా కొనడానికి నిమిషం చాలు. అందుకే వ్యాపారి భయాన్ని కొద్దిగానే చిలకరించి, మందును మాత్రం చేతికందేంత దగ్గర్లో పెడతాడు.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మంచిదే. కానీ 'మీ అబ్బాయి వెనకబడిపోతున్నాడేమో చూసుకున్నారా?' అని ఓ కోచింగ్ సెంటర్ అడిగిందనుకోండి, అందులో అబద్ధమని నిరూపించడానికి ఏముంది? అది ప్రశ్న మాత్రమే. ఫీజు కట్టించేదీ అదే.