పుట్టినరోజు కేకు ముట్టని కుర్రవాడు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం మన కడప స్టూడియోలో ఉన్న అక్కది ప్రొద్దుటూరు. ఇంగ్లండులో స్థిరపడ్డారు, సెలవులకు వచ్చారు. ఆఫ్రికాలోని ఎరిట్రియా నుంచి తల్లిదండ్రులు లేకుండా వచ్చిన ఒక కుర్రవాడిని అక్కడి కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, వీళ్ల ఇంట్లో ఉంచింది. అతని పేరు చెప్పుకోము. అక్కా, ఆ వయసులో ఒంటరిగా ఎందుకు బయలుదేరతారు?

అతిథి: మన పిల్లలకు ఇంటర్ రెండో ఏడాది అంటే ఎంసెట్ దిగులు. అక్కడ పన్నెండో తరగతి సావా అనే సైనిక శిబిరంలో చదవాలి. తర్వాత జాతీయ సేవ, అంటే సైన్యంలోనో ప్రభుత్వ పనుల్లోనో తప్పనిసరి కొలువు. చట్టం ప్రకారం 18 నెలలే. 1998లో ఇథియోపియాతో యుద్ధం వచ్చాక దానికి గడువు లేకుండా పోయింది. నడివయసు వచ్చినా అందులోనే ఉన్న తండ్రులున్నారు. అది చూసి పదిహేను, పదహారేళ్లకే సరిహద్దు దాటుతారు. సూడాన్, లిబియా, సముద్రం, ఆపైన ఫ్రాన్స్. దారిలో ఏం జరిగిందో నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.

వ్యాఖ్యాత: నాతో చదివిన చాలామంది అమ్మలు కువైట్‌లో ఉండేవారు. రాయచోటి వైపు ఇంకా ఎక్కువ. పిల్లలు అవ్వ దగ్గర పెరిగారు. ఇదీ అలాంటిదేనా?

అతిథి: కాదు తమ్ముడూ. అక్కడ అవ్వ ఉంది, వీధి ఉంది, ఫలానావాళ్ల మనవడు అని చెప్పేవాళ్లున్నారు. వీడి గురించి చెప్పడానికి ఒక్క మనిషి లేడు. వయసు కూడా తనే నిరూపించుకోవాలి.

వ్యాఖ్యాత: వయసా?

అతిథి: కాగితాలు లేక, అనుమానం వస్తే ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుని గంటలకొద్దీ అడుగుతారు. బడిలో ఎప్పుడు చేరావు, తమ్ముడికి నీకు ఎన్నేళ్ల తేడా అని. తేదీ తేలకపోతే చాలామందికి జనవరి 1 పడుతుంది.

వ్యాఖ్యాత: మా నాన్నకు జూలై 1. బడిలో సారు రాసిందే.

అతిథి: (నవ్వు) మీ నాన్నగారికి మహా అయితే పదవీ విరమణ ఏడాది అటూ ఇటూ అయి ఉంటుంది. అక్కడ పద్దెనిమిది లోపైతే ఇల్లు, చదువు, సంరక్షణ అన్నీ కౌన్సిల్ బాధ్యత. దాటిందని తేలిస్తే పెద్దవాళ్లతో కలిపి వసతి. మేము ఆ జనవరిలో కేకు తెస్తే వాడు ముట్టలేదు. ఇంకో ఏడాది తరిగిపోయిందని వాడి లెక్క.

వ్యాఖ్యాత: ఇంట్లో కుదురుకున్నాడని మీకు ఎప్పుడు అనిపించింది?

అతిథి: దోసె రోజు. వాళ్ల ఇంజెరా కూడా పిండి పులియబెట్టి పోసేదే. టెఫ్ అని సన్నటి గింజ, ఆ పిండితో. అందుకని దోసె వేశాను. ఒకటి తిని, "పులుపు చాలలేదు" అన్నాడు. అంతవరకు ఏం పెట్టినా "బాగుంది" అనేవాడు. వెళ్లగొడతారేమో అని భయపడేవాళ్లు వంకలు పెట్టరు కదా! నాకు ఎంత సంతోషమో.

వ్యాఖ్యాత: అయితే అమ్మ అయిపోయారు.

అతిథి: ఆ మాట వద్దు. వాడికి అమ్మ ఉంది. శరణార్థి హోదా వచ్చినా పిల్లలు తల్లిదండ్రులను రప్పించుకునే వీలు బ్రిటన్ నిబంధనల్లో లేదు. జర్మనీలో ఆ హోదా వచ్చిన పిల్లలకు ఉంది. ఈ సంగతి వాడికి నేనే చెప్పాల్సి వచ్చింది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నీ మీద కోపమెందుకని మా ఆయన అడిగారు. ఇంకెవరి మీద చూపిస్తాడు?

వ్యాఖ్యాత: పద్దెనిమిది నిండాక?

అతిథి: 2014 చట్టం వచ్చాక, ఇద్దరికీ ఇష్టమైతే ఇరవై ఒకటి దాకా అదే ఇంట్లో ఉండవచ్చు. మాకు ఇష్టమే. వాడు కాలేజీలో ప్లంబింగ్ నేర్చుకుంటున్నాడు, స్నేహితులతో గది తీసుకుంటానంటున్నాడు. మా అమ్మ ప్రొద్దుటూరు నుంచి ఫోనులో ఒకటే అడుగుతుంది, వాడికి వంట వచ్చా అని. గుడ్డు ఉడకబెట్టడం వచ్చు. ఈసారి వెళ్లగానే పప్పు నేర్పాలి.