మార్కా బొమ్మ

నమస్కారం. కంటితో చూడాల్సిన వస్తువుల గురించి చెవికి చెప్పాల్సిన పని పడింది నాకీ పూట. కాస్త ఊహించుకుంటూ వినండి.

పోస్టుకార్డంత కాగితం. దాని మీద తామరపువ్వులో నిలబడ్డ లక్ష్మీదేవి. అటొక ఏనుగు, ఇటొక ఏనుగు. చుట్టూ బంగారు రంగు అంచు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కంపెనీ పేరు, పక్కన మాంచెస్టర్ అని ఊరి పేరు. ఆ ఊరి పేరు లేకపోతే పూజగదిలో పటం అనుకుంటాం. కానీ అది బట్టల తాను మీద అంటించిన చీటీ. బెంగళూరులో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ అని ఒకటుంది. అందరూ ‘మ్యాప్’ అంటారు. అక్కడ ఇలాంటి చీటీలు చాలా పోగుచేశారు. వ్యాపారులు వీటిని టికెట్ అన్నారు, టీకా అన్నారు, ఛాప్ అన్నారు. మనం మార్కా అన్నాం.

ఊళ్ళో కుండకి మార్కా ఉండేది కాదు. కుమ్మరి ఎవరో అందరికీ తెలుసు. కుండ కారితే దాన్ని చంకనేసుకుని వాళ్ళింటికే వెళ్ళి నాలుగు మాటలు అని రావచ్చు. చీర నేసినవాళ్ళు వీధి చివర ఉంటారు, గాజులమ్మే ఆవిడ గుమ్మంలోకే వస్తుంది. సరుకు చేసినవాడు కళ్ళెదుట ఉన్నంతకాలం వాడి ముఖమే మార్కా. వాడు సముద్రం అవతలికి పోయాకే ఈ చీటీల అవసరం వచ్చింది.

నిజానికి మొదట సముద్రం దాటింది మన బట్టే. మచిలీపట్నం నుంచి, ఈ కోరమాండల్ తీరంలోని మిగతా రేవుల నుంచి అద్దకం బట్టలు ఓడలకొద్దీ ఐరోపాకి వెళ్ళాయి. వాటి మోజు ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్ళు గోల పెట్టడంతో ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి మరీ అద్దకపు నూలుబట్టల్ని అడ్డుకుంది. తర్వాతి శతాబ్దంలో ఓడలు ఎదురుదారి పట్టాయి. మరమగ్గాల మీద నేసిన మాంచెస్టర్ గుడ్డ, గ్లాస్గో మల్లు మన సంతల్లోకి దిగాయి. ‘గ్లాస్గో పంచె’ అనే మాట మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. నేసినవాడికి మన భాష రాదు. కొనేవాడికి వాడి భాష సరే, చాలామందికి ఏ భాషలోనూ చదువు రాదు. మరి కిందటేడు కొన్న గుడ్డే మళ్ళీ కావాలంటే కొట్లో ఏమని అడగాలి? బొమ్మ చెప్పి అడగాలి. ‘అదే, పులి బొమ్మ గుడ్డ’ అంటే చాలు, కొట్టువాడు ఆ తాను తీసి పరుస్తాడు. అందుకే చీటీల మీద పులులు, ఏనుగులు, నెమళ్ళు, కృష్ణుడు, లక్ష్మి, రాజులు, ఆడవాళ్ళు, ఒక్కోసారి రైలుబండి కూడా. గుడ్డ చిరిగినా బొమ్మ మిగిలేది. చీటీ ఊడదీసి గోడకి అంటించుకునేవాళ్ళు. వ్యాపారికి అంతకన్నా ఏం కావాలి? పైసా ఖర్చు లేకుండా కొనేవాడి ఇంటి గోడ మీదే ప్రకటన!

వాటిని అచ్చువేసిన తీరు చెప్పకపోతే నాకు తోచదు. లిథోగ్రఫీ అంటారు, రాతి అచ్చు. 18వ శతాబ్దం చివర్లో సెనెఫెల్డర్ అనే జర్మన్ కనిపెట్టాడు. నున్నగా చేసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. తర్వాత రాయిని నీటితో తడుపుతారు. జిడ్డు ఉన్నచోట నీరు నిలవదు, నీరున్న చోట సిరా అంటదు. అంతే కిటుకు. నూనె, నీరు కలవవని మన వంటింట్లో తెలిసిన సంగతే. అయితే ఒక్కో రంగుకి ఒక్కో రాయి కావాలి. లక్ష్మీదేవి చీర ఎరుపు ఒక రాయి, తామరాకు పచ్చ ఒక రాయి, ఒంటి రంగుకి ఇంకొకటి. ఒకే కాగితం అన్ని రాళ్ళ మీదా వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చోవాలి. లేకపోతే బొట్టు నుదుటి మీద కాక కనుబొమ్మ మీదికి జారుతుంది. పైగా రాయి మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగరాయాలి. మన దేవుళ్ళని ఎన్నడూ చూడని చేతులు, వేలమైళ్ళ దూరంలో, ఇంత పనితనంతో గీశాయి. ఒక్కోసారి ముఖం మాత్రం దొరసాని పోలికల్లోకి పోతుంది, అది వేరే సంగతి.

బొమ్మకి ఇంత విలువ వచ్చాక దొంగలు రాకుండా ఉంటారా? ఏనుగు మార్కాకి గిరాకీ ఉందనుకోండి, ఇంకొకడు అదే ఏనుగు మీద మావటివాణ్ణి కూర్చోబెట్టి తన మార్కా అంటాడు. సంతలో నిలబడ్డ రైతుకి రెండూ ఏనుగులే. ఇలాంటి తగాదాలు ముదిరి బ్రిటన్‌లో 1875లో చట్టం వచ్చింది. మరుసటేడు జనవరి 1 నుంచి మార్కాలు నమోదు చేయడం మొదలుపెట్టారు. మొదట నమోదైంది బాస్ అనే బీరు కంపెనీ వాళ్ళ ఎర్ర ముక్కోణం. అదీ చదువుతో పనిలేని గుర్తే, చూశారా!

మన ఇళ్ళలోకి వస్తే, నాకు తెలిసిన పెద్ద మ్యూజియం వస్తువు డాల్డా డబ్బా. పసుప్పచ్చ రేకు మీద చెట్టు బొమ్మ. అది కొబ్బరిచెట్టా, ఖర్జూరమా అని చిన్నప్పుడు వాదించుకునేవాళ్ళం, ఇంకా తేలలేదు. దాదా అనే డచ్చి దిగుమతి కంపెనీ పేరులో, లీవర్ కంపెనీ వాళ్ళు తమ పేరులోని ‘ల’ ఇరికిస్తే దాల్దా అయిందని చెబుతారు. 1937లో బజారుకొచ్చింది. గుండ్రటి డబ్బా ఆకారంలోనే వ్యాను చేయించి ఊళ్ళు తిప్పారు, వీధుల్లో వండి రుచి చూపించారు. నెయ్యికి అలవాటుపడ్డ నాలుకని ఒప్పించాలి కదా మరి. చివరికి ఏ కంపెనీ వనస్పతి అయినా డాల్డానే అయిపోయింది. డాల్డా అయిపోయాక ఆ డబ్బాలో కందిపప్పు, తర్వాత మేకులు, అడుగు తుప్పు పట్టాక తులసి మొక్క.

అమృతాంజనం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. సంగీత కచేరీలకి వెళ్ళి అక్కడివాళ్ళకి ఊరికే పంచిపెట్టేవారట. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తలనొప్పి మందు పత్రికని పోషించింది. పత్రికలు తలనొప్పిని పోషించడం తర్వాతి కాలపు ముచ్చట.

కచేరీ అంటే గుర్తొచ్చింది, గ్రామఫోన్ రికార్డుల మీది కుక్కబొమ్మ. లండన్‌లో ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు నిప్పర్ అనే కుక్క బొమ్మ గీశాడు. గొట్టంలో చెవి పెట్టి వింటున్న కుక్క. మొదట గీసింది ఎడిసన్ తరహా ఫోనోగ్రాఫ్ అనే పాటల యంత్రం ముందు. గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు 1899లో, ఆ యంత్రం చెరిపి మా యంత్రం గీస్తే కొంటామన్నారు. గీశాడు. బొమ్మకి 50 పౌన్లు, హక్కులకి ఇంకో 50. అసలు పటాన్ని వెలుగులో ఏటవాలుగా చూస్తే కింద పాత యంత్రం ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. ఆ రికార్డుల్లో వాడే ముఖ్యమైన సరుకుల్లో ఒకటి లక్క. మన అడవుల్లో మోదుగు, రేగు చెట్ల మీద పురుగులు పెట్టేదే. ఇక్కడి లక్క ఐరోపాకి వెళ్ళి పళ్ళెమై, పాటతో తిరిగొచ్చేది.

మన దేశంలో ఆ కంపెనీ తొలి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. గౌహర్ జాన్ అనే గాయని పాడింది. అప్పటికి రికార్డులు అచ్చొత్తే కర్మాగారం ఇక్కడ లేదు. అది 1908లో వచ్చింది. అంతవరకూ మైనపు పలకలు జర్మనీలో హనోవర్‌కి వెళ్ళాలి. అక్కడి పనివాళ్ళకి ఏ పాట ఎవరిదో ఎలా తెలుస్తుంది? చీటీ ఎవరి పేరుతో అంటించాలి? అందుకని పాట పూర్తికాగానే ఆవిడ గొంతెత్తి, ఇంగ్లీషులో, ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అనేది. ఆ రికార్డులు ఇప్పుడు విన్నా చివర్లో ఆ మాట ఉంటుంది. చీటీ మీద బొమ్మకి బదులు గొంతు.

పాపం, అంత గాయని తన పేరు తానే చెప్పుకోవాల్సి వచ్చింది. నాకా ఇబ్బంది లేదు. నా పేరు ఇప్పుడు అనౌన్సరుగారు చెబుతారు.