పాత ప్రాసెసర్ మార్చాలా, వద్దా?

శ్రోతలకు నమస్కారం.

వేసవి సెలవుల్లో తిరుపతిలోని ఏ కంప్యూటర్ దుకాణానికి వెళ్లినా "అన్నా, గేమ్ ఆగి ఆగి వస్తోంది, ప్రాసెసర్ మార్చేద్దామా?" అని అడిగే పిల్లలు కనిపిస్తారు. ఆ జవాబు మీద వేల రూపాయల ఖర్చు ఆధారపడి ఉంటుంది, అది చాలా ఇళ్లలో తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ము. అందుకే కొనేముందు ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్షను గురించి ముందుగా చెబుతాను.

ఆటలో ఎవరు ఎటు కదిలారు, బండి ఎంత వేగంతో వెళ్తోంది వంటి లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది, ఆ లెక్కల ప్రకారం బొమ్మను గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెరపై 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. రెండింటిలో ఏది వెనకబడితే ఆట దాని వేగానికే దిగిపోతుంది. కాబట్టి ఆటలో ఫ్రేముల పరిమితిని, తెర వేగానికి ఫ్రేములను కట్టేసే వీ-సింక్‌ను ఆపివేసి, బొమ్మలోని చుక్కల సంఖ్య అయిన రిజల్యూషన్‌ను 1080 నుండి 720కి తగ్గించి, అదే చోట మళ్లీ ఆడి చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుదే, ప్రాసెసర్ జోలికి వెళ్లనక్కరలేదు. దాదాపు పెరగకపోతే ప్రాసెసర్‌ను అనుమానించవలసిందే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 50 శాతమే కనిపించినా అది ఖాళీగా ఉందని అనుకోకూడదు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లను, అంటే విండోస్ పని పంచే విభాగాలను, విడివిడిగా చూస్తే, ఒకటి రెండు గళ్లు నిండుగా పైకి ఎగసి, మిగిలినవి అడుగున నిలిచి ఉండటం కనిపించవచ్చు. ఆటలోని ముఖ్యమైన పని తరచుగా ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన కోర్లలో ఒకే కోర్ మీద పడుతుంది గనుక, ఆ కోర్ అలసిపోతే మిగతావి ఊరకున్నా లాభం లేదు.

మన ప్రాంతంలో ఇంకొక కారణాన్ని కూడా తప్పక చూడాలి. రోహిణి కార్తెలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలకు దగ్గరవుతుంది. క్యాబినెట్ మూత తీస్తే ప్రాసెసర్ వేడిని లాగే హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిపొరలా పేరుకుని ఉంటుంది, దాని కింద ప్రాసెసర్ నుండి వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి సుద్దముక్కలా పొడిపొడిగా రాలుతుంది. వేడి 100 డిగ్రీలను సమీపించినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగా ఆడి తరువాత మందగించే కంప్యూటర్‌కు చాలాసార్లు శుభ్రం చేసి కొత్త పేస్ట్ వేస్తే సరిపోతుంది. కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ అయిన ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే, దానికి జతగా రెండవది వేసి చూడటం కూడా ప్రాసెసర్ మార్చడం కన్నా ముందు చేయదగిన పని.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే మార్పు అవసరమే. 2011, 2012 నాటి ఇంటెల్ రెండవ, మూడవ తరం ప్రాసెసర్లలో ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ఏవీఎక్స్2 అనే సదుపాయం లేదు, దానిని కోరే కొత్త ఆటలు వాటిలో తెరుచుకోవు కూడా. ఇంటెల్ నాలుగవ తరం ఐ5 ఉన్నవారు అదే మదర్‌బోర్డులో దానికన్నా శక్తివంతమైన అదే తరం పాత ఐ7 పెట్టుకోవచ్చు గానీ, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరం నుండే మొదలవుతుంది, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది. అందువల్ల ఆ ఐ7 చవకగా దొరికితే తప్ప దాని మీద డబ్బు పెట్టవద్దనే నేను చెబుతాను. అక్కడినుండి ముందుకు వెళ్లాలంటే బోర్డు, ర్యామ్ కూడా మారతాయి, ఆ లెక్క మొత్తం ముందే వేసుకోవాలి.

ఇంటెల్‌కు పోటీ సంస్థ ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు పెట్టే ఏఎమ్4 సాకెట్ బోర్డు ఉన్నవారి పరిస్థితి మెరుగు. 2017లో రైజెన్ 5 1600 కొన్నవారు చాలా బోర్డుల్లో అదే ర్యామ్‌తో రైజెన్ 5 5600 వాడుకోవచ్చు. అయితే బోర్డు తయారీదారు జాబితాలో ఆ ప్రాసెసర్ పేరు ఉందో లేదో చూసి, పాత ప్రాసెసర్ సాకెట్‌లో ఉండగానే, కంప్యూటర్‌ను మొదట నడిపించే బోర్డులోని ప్రోగ్రాం అయిన బయాస్‌ను అప్‌డేట్ చేయించుకోండి. ముందే దానిని తీసి అమ్మేస్తే, కొత్తది పెట్టినా తెర వెలగక, మరొక పాత ప్రాసెసర్ కోసం వెతుక్కోవలసి వస్తుంది.