పాలు లేని కాఫీలో పులుపు: సియాటెల్‌లో మా శనివారం పోర్ ఓవర్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈరోజు శనివారం. బయట సియాటెల్ మార్కు సన్నటి వాన, లోపల స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. రోజూ మా ఇంట్లో ఫిల్టర్ డికాక్షనే. శనివారం మాత్రం పోర్ ఓవర్, అంటే గరాటులో కాగితం పెట్టి, పొడి వేసి, పైనుంచి వేణ్ణీళ్లు పోసి దించే కాఫీ. పాలు పోయం, పంచదార వేయం. "మరి అది కాఫీ ఎలా అవుతుంది?" అని చాలామందికి అనిపిస్తుంది. అందుకే ఈరోజు మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను.

ముందు ఈ ప్యాకెట్ చూడండి. ఇథియోపియా, యిర్గాచెఫె, వాష్డ్ అని రాసి ఉంది. సింగిల్ ఆరిజిన్ అంటే నాలుగు దేశాల గింజలు కలపకుండా ఒక్క చోటివే అమ్మడం. ఉత్త దేశం పేరు వేసి కూడా సింగిల్ ఆరిజిన్ అంటారు. నేను మాత్రం కనీసం ప్రాంతం పేరైనా ఉంటేనే కొంటాను. యిర్గాచెఫె దక్షిణ ఇథియోపియాలో గెడెయో జోన్‌లో ఉంది. అక్కడ పెద్ద ఎస్టేట్ల కంటే చిన్న రైతులే ఎక్కువ. ఇంటి చుట్టూ పెద్ద చెట్లు, వాటి కింద అరటి కుటుంబానికే చెందిన ఎన్సెట్, ఆ నీడలో కాఫీ. ఆ పంట భూములకు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. రైతులు ఎర్రగా పండిన పళ్లు కోసి దగ్గర్లోని వాషింగ్ స్టేషన్‌కి తెస్తారు. అక్కడ తోలు తీసి, తొట్లలో పులియబెట్టి, గింజకు పట్టిన జిగురంతా పోయేలా కడిగి, ఎత్తుగా కట్టిన మంచెల మీద ఆరబెడతారు. వాష్డ్ అంటే అదే. పండు పండుగానే ఎండబెడితే దాన్ని నాచురల్ అంటారు, దాని రుచి వేరు.

ఆ తోటలు చాలావరకు 1,700 మీటర్లకు పైన ఉంటాయి. అంత ఎత్తులో రాత్రుళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పండు నెమ్మదిగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది, అందులో పులుపు బాగా నిలుస్తుంది. అవునండీ, పులుపు. పప్పులో చింతపండు, పచ్చట్లో గోంగూర లేకపోతే ముద్ద దిగని మనకి, కాఫీ పుల్లగా ఉందంటే మాత్రం పాలు విరిగాయేమో అనిపిస్తుంది. మనం అలవాటు పడిన కాఫీ నల్లగా వేయించినది. అంత వేడికి గింజలోని పులుపు చాలావరకు విరిగిపోతుంది, చేదు పెరుగుతుంది. ఆ చేదుకి చికోరీ చిక్కదనం, పాలు, పంచదార కలిస్తేనే మన కాఫీ. అదీ నాకు ప్రాణమే. కానీ లైట్ రోస్ట్‌లో, అంటే తక్కువగా వేయించినప్పుడు, గింజ ఏ కొండ మీద పండిందో నాలుకకి తెలుస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఇదే.

సరే, మొదలుపెడదాం. గింజలు 15 గ్రాములు. హ్యాండ్ గ్రైండర్‌లో ఉప్మా రవ్వ కంటే కొంచెం సన్నగా పట్టాను. ఈ గరాటు హారియో వీ60, జపాన్‌ది. గోడల కోణం 60 డిగ్రీలు కాబట్టి ఆ పేరు. కాగితం పెట్టి కాఫీ వడకట్టే పద్ధతి మాత్రం అంతకంటే చాలా పాతది. జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉండే మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి 1908లోనే దానికి పేటెంట్ తీసుకుంది. కాగితం నూనెల్ని, మడ్డిని ఆపేస్తుంది. కప్పు అంత తేటగా ఉండటానికి కారణం అదే. మన ఇత్తడి ఫిల్టర్ చిల్లుల్లోంచి అవి దిగిపోతాయి కాబట్టి డికాక్షన్ అంత చిక్కగా ఉంటుంది.

కాగితాన్ని ముందు వేణ్ణీళ్లతో తడిపి, ఆ నీళ్లు పారబోయండి, లేకపోతే కాగితం వాసన వస్తుంది. నీళ్లు 94 డిగ్రీల సెల్సియస్. స్కేల్ సున్నా చేసి 45 గ్రాములు పోస్తున్నా. చూశారా, పొడి ఎలా పొంగుతోందో! వేయించినప్పుడు గింజలో చేరిన కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తోంది. అది పోకపోతే నీళ్లు పొడిలోకి సరిగ్గా దిగవు. నలభై సెకన్లు ఆగాలి. ఇక్కడ తొందరపడొద్దు. తర్వాత సన్న ధారగా, గుండ్రంగా తిప్పుతూ 150 దాకా. కొంచెం ఆగి 240 దాకా. మొత్తం మూడు నిమిషాల లోపు దిగిపోవాలి. పల్చగా, నాలుక జివ్వుమనేంత పుల్లగా వస్తే ఈసారి పొడి ఇంకొంచెం సన్నగా పట్టండి. చేదుగా, నోరు ఎండిపోయేలా ఉంటే బరకగా పట్టండి. మిగతావేవీ మార్చకండి, ఒక్కసారికి ఒక్కటే.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. సియాటెల్ నీళ్లు తేలిక నీళ్లు, కాబట్టి మాకు ఇబ్బంది లేదు. ఫీనిక్స్ లాంటి చోట్ల నీళ్లు కఠినంగా ఉంటాయి. ఆ నీళ్లలోని బైకార్బొనేట్లు పులుపుని చంపేస్తాయి, ఎంత ఖరీదైన గింజైనా చప్పగా తేలుతుంది. అక్కడుండేవాళ్లు ఫిల్టర్ నీళ్లు వాడి చూడండి.

ఇక రుచి. వేడిగా ఉన్నప్పుడు ముందు వాసనే: మల్లె, దాని వెనకాల నిమ్మ తొక్క. తాగితే పల్చగా, తేటగా ఉంటుంది. గోరువెచ్చగా అయ్యాకే అసలు సంగతి బయటపడుతుంది. ఆ పులుపు వెనక నుంచి తీపి వస్తుంది, ఆప్రికాట్ పండు తిన్నట్టు. అందుకే గబగబా తాగేయొద్దు.

మా అత్తయ్యగారు బందరు నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. పెద్ద గ్లాసులో చిక్కటి కాఫీ తప్ప ముట్టని మనిషి. ఆవిడకి చిన్న కప్పులో పోసిచ్చాను. "కాఫీ అని చెప్పకపోతే టీ అనుకునేదాన్ని" అన్నారు. మళ్లీ ఆవిడే కాసేపటికి, "చల్లారాక బాగుంది, ఇంకొంచెం పొయ్యమ్మా" అని కప్పు ముందుకి జరిపారు.

ఒక్క మాట. ఇథియోపియాలో కాఫీ ఇలా పెట్టుకోరు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఇథియోపియా ఆవిడ ఉన్నారు. ఆవిడ పిలిస్తే రెండు గంటలు తీరిక చేసుకుని వెళ్లాలి. పచ్చి గింజల్ని పెనం మీద వేయించి, ఆ పొగ వాసన అందరికీ చూపించి, దంచి, జెబెనా అనే నల్ల మట్టి కూజాలో మరిగిస్తారు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి మూడు విడతలు ఇస్తారు: అబోల్, తోనా, బరకా. పక్కన పాప్‌కార్న్. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. అరబికా అనే కాఫీ రకం పుట్టిన దేశం వాళ్లది. వాళ్ల పద్ధతి చూశాక ఈ గింజ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

మా తమ్ముడు వచ్చే నెల వైజాగ్ నుంచి వస్తున్నాడు. అరకు కాఫీ తెమ్మన్నాను. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య మన గిరిజన రైతులు పండించే అరబికా అది, 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు వచ్చింది. మన మన్యం తోటలు యిర్గాచెఫె అంత ఎత్తులో ఉండవు, కాబట్టి పులుపు ఇంత పదునుగా ఉండదనే నా అంచనా. రెండూ ఇదే గరాటులో, ఇదే కొలతతో పెట్టి, పక్కపక్కనే తాగి చూపిస్తాను. వాడికి మాత్రం గట్టిగా చెప్పాను: లైట్ రోస్ట్ లేదా మీడియం, ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూసి తీసుకో, పొడి కొట్టించకు, గింజలే కావాలి.